ఈదుతున్నట్టు చెయ్యి ఊపండి

నమోదు 1: రేవు దగ్గర

ఈ దినచర్య నేను సరదాపడి రాస్తున్నది కాదు. సముద్రస్నానానికి వెళ్ళే ప్రతివాళ్ళూ రాయాలట. సాయంత్రం తిరిగొచ్చాక గేటు దగ్గర అప్పగించాలట. పేరు సీతారత్నం. వయసు యాభై దాటింది, దాటకపోతే పర్మిటే ఇవ్వరు. చిన్నవాళ్ళు నీళ్ళలోకి వెళ్తే దేశానికి నష్టమట. మా ఈడువాళ్ళం పోయినా ఫరవాలేదన్నమాట. మంచిది.

నేను వెళ్తున్నది స్నానానికి కాదని కౌంటరులో గుమాస్తాకీ తెలుసు, నా వెనక ఖాళీ సంచులు పట్టుకుని నిలబడ్డ వరస మొత్తానికీ తెలుసు. ఏటికి అవతల ఏడులంకలుంది. పన్నెండేళ్ళ కిందట కాలవ నీళ్ళ దగ్గర తగువు పడి మాలోంచి విడిపోయింది. విడిపోయిందని ఒప్పుకోవడం మా పెద్దలకి చిన్నతనంగా తోచి, మునిగిపోయిందని ప్రకటించారు. ఆ రోజు నుంచి మ్యాపులో అక్కడ నీలం రంగు తప్ప మరేమీ లేదు. అక్కడున్న వాళ్ళంతా జలప్రమాదంలో పోయినట్టు. నా చెల్లెలు తాయారు కూడా పోయినట్టే.

ఈ ఒడ్డున నిలబడితే అవతల కొబ్బరిచెట్లు కనిపిస్తాయి. పొయ్యిల మీది పొగ కనిపిస్తుంది. గాలి ఇటు తిరిగితే పెళ్ళి మేళం కూడా వినిపిస్తుంది. "ఎదురుగా ఉన్నది సముద్రం, మరోలా అనుకోకండి" అని బోర్డు పెట్టారు.

గుమాస్తా నా చేతి కంకణాన్ని స్నానం పద్ధతిలోకి మార్చాడు. కంకణం పుట్టగానే వేస్తారు, పోయాక దానంతటదే ఊడుతుంది. నీళ్ళలో దానికి నాడి సరిగ్గా అందదట. అందుకని స్నానానికి వెళ్ళినవాళ్ళు బతికున్నారో లేదో చెయ్యి కదలికని బట్టి తేల్చుకుంటుందట.

"మధ్య మధ్యలో చెయ్యి ఊపుతూ ఉండండమ్మా, ఈదుతున్నట్టు" అన్నాడు గుమాస్తా.

"నేల మీద నిలబడి ఈదమంటావా నాయనా?"

"అక్కడ నేల లేదు కదండీ" అన్నాడు, కళ్ళు నా వైపు తిప్పకుండా.

నమోదు 2: పడవలో

పడవ నడిపే ఏసుపాదం రెండు ఒడ్డులకీ కావలసినవాడు. ఇటు జాలరి, అటు ఏడులంకల ప్రభుత్వ రవాణా అధికారి. ఏటి మధ్యకి రాగానే జేబులోంచి టోపీ తీసి పెట్టుకున్నాడు.

సరిగ్గా అక్కడే కంకణాలన్నీ ఒక్కసారి లేచాయి. "హెచ్చరిక. మీరు లోతు నీటిలో ఉన్నారు. దయచేసి ఈదుతూ ఉండండి." పడవలో ఉన్న పెద్దవాళ్ళందరం కుడి చేతులు గాల్లో ఆడించాం. ఇంత వయసొచ్చి ఇదేం ఖర్మ అనిపించింది. పక్కన కూర్చున్నాయన మాత్రం అలవాటైనవాడిలా ఒక చేత్తో ఈదుతూ రెండో చేత్తో వేరుశనక్కాయలు తింటున్నాడు.

నేను వెళ్తున్నది చలిమిడి కోసం. రాయకూడదేమో, రాస్తాను.

తాయారు కూతురు కుముద. ఏడులంకలు మునిగిందని ప్రకటించిన వారం అది సెలవులకి మా ఇంట్లో ఉంది. తాయారు పొలం పని చూసుకుని వస్తానని అటు వెళ్ళింది. అంతే. అప్పటి నుంచి పిల్ల నా దగ్గరే. తిండి, చదువు, జ్వరాలు, పెళ్ళి అన్నీ నేనే. ఇప్పుడు దానికి ఏడో నెల. తల్లి కూతురి ఒడిలో చలిమిడి పెట్టాలి, కడుపు చల్లగా ఉండాలని. నేను అయిదో నెలలోనే చేసి పెట్టాను, నెయ్యి కారేలా. మర్యాదకి చిటికెడు నోట్లో వేసుకుని, "అమ్మ చేత్తో చేసిందయితే తింటాను పెద్దమ్మా. బతికుంటే పంపమను. పంపకపోతే నా దగ్గర ఇంకెప్పుడూ ఆవిడ పేరెత్తకు" అంది. తల్లి కావాలనే రావడం లేదని దానికి లోపల కోపం. నీళ్ళలోంచి మనుషులు రావడానికి గేటు ఒప్పుకోదని ఎన్నిసార్లు చెప్పినా ఆ కోపం పోలేదు. నాకు రోషం వచ్చిన మాట నిజం. పన్నెండేళ్ళు వండి పెట్టిన చెయ్యి ఒక్క పూటలో పరాయిదైపోయింది.

"చలిమిడిని గేటు దగ్గర ఏమని రాయించాలి?" అని ఏసుపాదాన్ని అడిగాను. తిరిగొచ్చేటప్పుడు నీళ్ళలోంచి వచ్చేవే తేనిస్తారు. చేపలు, ఉప్పు, గవ్వలు, కొట్టుకొచ్చిన దుంగలు, శవాలు. అందుకే అందరూ మామిడిపళ్ళని చేపలని రాయిస్తారు.

"జెల్లచేపని రాయించెయ్యండమ్మగారూ. మొన్నొకాయన కుట్టుమిషను తాబేలని రాయించేడు" అన్నాడు.

నమోదు 3: అవతల

మా వాళ్ళు ఒక రకం అనుకుంటే వీళ్ళు ఇంకో రకం. రేవులో ఇస్త్రీ చొక్కా వేసుకున్న అధికారి, పేరు పెద్దిరాజు, కుర్చీ వేసి కొబ్బరిబోండం చేతికిచ్చి మరీ ఆపాడు.

"మీకు ఇబ్బంది లేపోతే మా దేశం పేరు ఓసారి పైకి చెప్పండి. అలా చెప్పినోళ్ళనే లోపలికి పంపుతామండి. ఆయ్."

"నేను చెల్లెలింటికి వచ్చాను బాబూ."

"చెల్లెలిగారిల్లు దేశంలోనే ఉందికదండీ."

చెయ్యి ఊపుకుంటూ చెప్పాను. "ఏడులంకల గణరాజ్యానికి వచ్చాను."

వెంటనే కంకణం అందుకుంది. "మాట అర్థం కాలేదు. మీరు నీళ్ళు మింగుతున్నారా?"

పెద్దిరాజు మొహం ముడుచుకుపోయింది. ఆయన బాధ చూస్తే జాలే వేసింది. పన్నెండేళ్ళుగా ముద్రలు తయారు చేసుకుని, జెండా కుట్టించుకుని కూర్చున్న మనిషి. వచ్చిన ప్రతివాళ్ళ చేతిలోంచీ ఇదే ప్రశ్న వింటున్నాడు. "మింగట్లేదని చెప్పండి దానికి" అని ముద్ర గట్టిగా కొట్టాడు.

దారి పొడుగునా మాలాంటివాళ్ళే, చేతులు ఊపుకుంటూ. లంకలవాళ్ళకి మమ్మల్ని చూసి నవ్వాపుకోవడం కష్టంగా ఉంది. వాళ్ళ కంకణాలు ఎప్పుడో ఊడిపోయాయి. ఒక ఇంట్లో తలుపు గొళ్ళేనికి ఉంది, ఒక ఇంట్లో దండేనికి. తాయారు ఇంటి ముందు దూడ మెడలో గంట పక్కనే తాయారు కంకణం వేలాడుతోంది.

నమోదు 4: తాయారు ఇంట్లో

పన్నెండేళ్ళ తరవాత నా చెల్లెలు నన్ను చూసి అన్న మొదటి మాట ఇది.

"ముందు చెయ్యి ఊపక్కా. పోతావు."

జుట్టు సగం తెల్లబడింది. మెడ కింద ఎముక కనిపిస్తోంది. ఏడుస్తుందనుకున్నాను. ఏసుపాదం ముందే కబురు చెప్పి ఉంచాడు కాబట్టి బియ్యం నానబోసి, వార్చి, గుడ్డ మీద ఆరబెట్టి సిద్ధంగా ఉంచింది. నా చేతికి రోకలిచ్చింది. దంచుతున్నంతసేపూ కంకణం నోరు మూసుకుంది. ఇంత చక్కగా ఈదే మనిషిని అది ఎన్నడూ చూసి ఉండదు.

పిండి జల్లిస్తూ తాయారు ఒక్కొక్కటే అడిగింది.

"నిద్దట్లో ఇంకా పళ్ళు కొరుకుతాదా?"

"వాళ్ళాయన్నడగాలి."

"వంకాయ ముట్టేది కాదు."

"ఇప్పుడు తింటది. నేనే అలవాటు చేసేను." ఆ 'నేనే' కొంచెం గట్టిగానే అన్నాను. తాయారు తల వంచుకుని జల్లిస్తూనే ఉంది.

"కోపం పోయిందా దానికి?"

"పోతే నన్నెందుకు పంపుద్దే ఇంత దూరం?"

బెల్లం తురిమి పిండిలో వేసి మళ్ళీ దంచాం. నెయ్యి, కొబ్బరి ముక్కలు, గసగసాలు. తాయారు ముద్ద చేసి తడిగుడ్డలో చుడుతుంటే చూశాను. నేను చేసినదీ ఇదే, ఈ పాళ్ళే, మా ఇద్దరికీ ఒకళ్ళే నేర్పారు. ఏమిటట తేడా?

చేతులు కడుక్కుని నా పక్కన చాప మీద కూర్చుంది. నా కుడి చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"కాయలు కాసేసేయక్కా నీ చేతులు. అంతా దానికోసరమే కదా" అంది.

నేను ఒక చోట కుదురుగా కూర్చునే రకాన్ని కాదు. కానీ అప్పుడు కూర్చున్నాను. తను చెయ్యి వదల్లేదు, నేను లాక్కోలేదు. ఎంతసేపో తెలియదు. మధ్యలో కంకణం ఏదో గొణిగింది. పొద్దున్నుంచీ గొణుగుతూనే ఉంది కదా, ఎవరు వింటారు?

చివరికి అది గొంతు సవరించుకున్నట్టు చప్పుడు చేసి, ఇలా అంది.

"సీతారత్నం గారూ, మీ అకాల మరణానికి ప్రభుత్వం తీవ్ర విచారం వ్యక్తం చేస్తోంది. మీ కుటుంబానికి సమాచారం పంపబడింది. మీ దహనం రేపు మధ్యాహ్నానికి ఖాయం చేయబడింది."

టక్కుమని ఊడి చాప మీద పడింది.

నమోదు 5: పోయాక

చచ్చినవాళ్ళు దినచర్య అప్పగించక్కర్లేదని పర్మిట్ వెనకాల ఉంది. కాబట్టి ఇక నుంచి నా కోసమే రాసుకుంటున్నాను.

మొదట కోపం వచ్చింది. బతికున్న మనిషిని పట్టుకుని ఎంత మాట. తరవాత ఆ కబురు ఎవరికి వెళ్ళిందో తట్టింది. కుటుంబం అంటే కుముదే. వాళ్ళాయన రైలు డ్యూటీలో ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నాడు. ఏడో నెల కడుపుతో ఒక్కతీ ఇంట్లో కూర్చుని ఆ కబురు వింటుంది. నన్ను పంపింది తనే. ఆ సంగతి తల్చుకుని తల్చుకుని ఏమైపోతుందో. ఇక్కణ్ణుంచి ఫోను పోదు, సముద్రంలోంచి ఎవరు మాట్లాడతారు?

రేవుకి పరిగెత్తాం. పెద్దిరాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మా దేశంలో మీరు బతికే ఉన్నారండి. కావాలంటే కాయితం రాసిస్తాను."

"నీ కాయితం ఆ గేటు చదువుద్దా?"

ఆయన మొహం జెండా వైపు తిప్పుకున్నాడు. అడగకుండా ఉండాల్సింది.

ఏసుపాదం తాడు చుడుతూ అన్నాడు. "కంకణం లేని మనిషికి గేటు తెరుచుకోదమ్మగారూ. ఈ జన్మకి తెరుచుకోదు. కానీ శవానికి తెరుచుకుంటాదండి. నీళ్ళలో దొరికిన శవాన్ని ఒడ్డుకి చేర్చడం జాలరోళ్ళ ధర్మమని ఆళ్ళే చట్టం రాసేరు. పక్కన కంకణం ఉంటే చాలు, చూసుకుని సొంతవాళ్ళకి అప్పగించేస్తారు."

"తరవాత?"

"తరవాత దహనమండి. అందుకే ఎవరూ అలా ఎల్లరు."

దహనం రేపు మధ్యాహ్నం కదా. ఈలోపల ఒక రాత్రీ ఒక పూటా ఉన్నాయి. నేను తాయారు వైపు చూశాను. అది కూడా పోయిన మనిషే. పన్నెండేళ్ళ కిందటే పోయింది, శవం దొరకలేదని రాసి ఉంది.

"దూడ మెళ్ళోది ఊడదీసుకు రా" అన్నాను.

తాయారు కదల్లేదు. "నన్ను చూసి మొహం తిప్పేసుకుంటే?"

"తిప్పుకుంటే తిప్పుకుంది. శవానివి, నీకేం తెలుస్తుంది? నడు."

నమోదు 6: గేటు దగ్గర

ఇది మర్నాడు రాస్తున్నాను.

పడవ అడుగున ఇద్దరం పక్కపక్కనే పడుకున్నాం, ఒకే దుప్పటి కింద. ఏసుపాదం టోపీ తీసేసి మా మీద దోసిళ్ళతో నీళ్ళు చల్లాడు, చేప వాసన పట్టిస్తానంటూ రెండు వలలు కూడా పడేశాడు. చలిమిడి నా గుండెల మీద, నా రెండు చేతుల కింద ఉంది. జీవితమంతా నన్ను కదలకుండా పడుకోబెట్టినవాళ్ళు లేరు. దోమ ఒకటి చెవిలో పాడుతుంటే కూడా ఓర్చుకున్నాను. పొద్దంతా కదలమని చంపారు, ఇప్పుడు కదిలితే చంపుతారు.

గేటు దగ్గర కాపలా మనిషి కాస్త వయసు మళ్ళినవాడు. గొంతుని బట్టి చెప్తున్నాను, కళ్ళు మూసుకునే ఉన్నాను. యంత్రం నా కంకణం చూసి సరే అంది. తాయారు కంకణం దగ్గర కాసేపు ఆగింది.

"పన్నెండేళ్ళ నాటి శవమా?" అన్నాడు కాపలా మనిషి, దుప్పటి అంచు ఎత్తి. "మొన్న పోయినట్టుందే."

"ఉప్పునీళ్ళండి. ఊరగాయలాగా నిలవుంటారు" అన్నాడు ఏసుపాదం.

కాపలా మనిషి దుప్పటి మళ్ళీ కప్పేశాడు. యంత్రం కూడా చివరికి సరే అంది.

అప్పుడు కుముద వచ్చింది. కడుపుతో ఉన్నదానివి శవాల దగ్గరికి వెళ్ళకూడదని ఇరుగుపొరుగు చెప్పారట, వినలేదు. నా మొహం మీద దుప్పటి తీశారు. నేను పడుతుందేమోనని భయపడ్డాను. పడలేదు. నా భుజాలు పట్టుకుని తిట్టడం మొదలుపెట్టింది.

"ఈత రాదు కదా నీకు. చెయ్యి ఊపుతూ ఉండమంటే ఊపొచ్చు కదా. ఎవడి మాటా వినవు. మాత్రలు కూడా ఇంట్లోనే వదిలేసి ఎల్లిపోయేవు. చలిమిడీ వద్దు, ఏమీ వద్దు, నువ్వు లే పెద్దమ్మా."

అంత బాగా నన్ను ఎవరూ ఎప్పుడూ తిట్టలేదు. దాని కన్నీళ్ళు నా మెడ మీద పడుతుంటే ఇంక ఆగలేక, దుప్పటి మాటున దాని అరచెయ్యి గట్టిగా గిల్లాను. చిన్నప్పుడు బడికి లేపడానికి గిల్లినట్టే. అది ఒక్క క్షణం బిగుసుకుపోయింది. తరవాత ఇంకా గట్టిగా ఏడ్చింది. నేను పెంచిన పిల్ల, తెలివి తక్కువదేం కాదు.

కాపలా మనిషి రెండో మొహం మీది దుప్పటి తీశాడు.

కుముద ఏడుపు ఆగిపోయింది. చూస్తోందని మాత్రం నాకు తెలుస్తోంది. పక్కన తాయారు ఊపిరి బిగబట్టింది. పన్నెండేళ్ళ తరవాత కూతురు మొహంలో మొహం పెట్టి చూస్తుంటే కళ్ళు తెరవకూడదు, పెదవి కదలకూడదు, చెయ్యి ఎత్తి చెంప నిమరకూడదు. నా వల్లయితే అయ్యేది కాదు. కుముద కొంగుతో తల్లి మొహం తుడవడం రెప్పల సందులోంచి చూశాను. నెమ్మదిగా, నుదుటి నుంచి గడ్డం దాకా. తుడిచిన చోటల్లా మళ్ళీ తడి అవుతోంది. తాయారు మూసిన కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. కొంప మునిగిందనుకున్నాను.

"నీళ్ళలో నానినోళ్ళు కదమ్మా, కారతాయి" అన్నాడు కాపలా మనిషి.

అతని చెయ్యి నా చేతుల కింద ముద్దని తాకింది. "ఇదేంటి?"

ఏసుపాదం వలలు అటూ ఇటూ లాగుతున్న చప్పుడు వినిపించింది. జెల్లచేపలు శవాల గుండెల మీద ఉండవు.

"పిండం అని రాసుకో" అని కాపలా మనిషే యంత్రానికి చెప్పాడు. నా ఒళ్ళు మండిపోయింది, కడుపుతో ఉన్నదానికి తెచ్చినదాన్ని పట్టుకుని ఆ మాటా. అతను శవాల బండి దాకా మాతో వచ్చి, తలుపు వేస్తూ కుముదతో చిన్నగా అన్నాడు.

"పైన తడిగుడ్డ తియ్యకండమ్మా. చలిమిడి గాలికి గట్టిపడిపోద్ది."

బండి కదిలాక తాయారు లేచి కూర్చుంది. కొంగులో ముద్ద పెట్టుకుని కూతురి ఒడిలోకి వంచింది. కుముద తింటూ ఉంది, వెక్కిళ్ళ మధ్య, పిండి పెదాలకి అంటించుకుని. సగం తిన్నాక ఒక ముక్క తుంచి నా నోట్లో పెట్టింది.

"నువ్వు చేసినదీ ఇలాగే ఉంది పెద్దమ్మా" అంది.

"ఆ సంగతి అప్పుడే ఏడవలేకపోయావా?" అన్నాను. పైకి కసురుకున్నాను గానీ నాకు చాలా సంతోషం వేసింది.

నమోదు 7: మళ్ళీ అవతల

నిన్న మధ్యాహ్నం మా ఇద్దరి దహనం జరిగింది. రెండు పాత దూది పరుపులూ రెండు కంకణాలూ పంపాం. దహనశాలలో మనుషులు లేరు, కంకణం ఉందా లేదా అని చూసే యంత్రం తప్ప. రెండు కుండలు తిరిగొచ్చాయి.

అస్థులు కలపడానికి కూతురు సముద్రంలోకి వెళ్ళవచ్చు. దానికి వయసు అడ్డు లేదు. ఇవాళ పొద్దున ఆ పర్మిట్ మీద కుముద పడవెక్కింది, ఒళ్ళో రెండు కుండలతో. మేం వలల కింద ఉన్నాం, బయటికి పోయేవాటిని గేటు వెతకదు. ఏటి మధ్యలో లేచి కూర్చుని నా అస్థులు నేనే నీళ్ళలో వదిలాను. పరుపు బూడిదే అయినా అదోలా అనిపించింది.

పెద్దిరాజు కుముద చేత దేశం పేరు మూడుసార్లు చెప్పించుకున్నాడు. మూడుసార్లూ దాని కంకణం, నీళ్ళు మింగుతున్నారా అని అడిగింది.

నేను వెనక్కి వెళ్ళడం కుదరదు. బతికున్నానని అర్జీ పెట్టాలంటే స్వయంగా గేటు దాటి రావాలి, గేటు దాటాలంటే బతికున్నట్టు కంకణం ఉండాలి. దీన్ని రాసినవాణ్ణి నాకొకసారి చూపిస్తే బాగుండును. కుముద మాత్రం నా చావుకి తెగ మురిసిపోతోంది. పోయినవాళ్ళకి ఏడాది పాటు నెలనెలా మాసికం పెట్టాలి, సముద్రంలో చావు కాబట్టి సముద్రంలోనే పెట్టాలి, ప్రతి నెలా పర్మిట్ ఇచ్చి తీరాలి. "ఏడాది దాకా నువ్వు బతకకు పెద్దమ్మా" అని ఒట్టు వేయించుకుంది. కాన్పు అయ్యాక పిల్లని కూడా తెస్తుందట.

అన్నం తిన్నాక తల్లి ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. రెండు రాత్రుల నిద్ర బాకీ ఉంది పాపం, పడుకోగానే నిద్రపోయింది. పళ్ళు కొరుకుతోంది. తాయారు దాని కుడి చెయ్యి పట్టుకుని మెల్లగా ఊపుతోంది, ఉయ్యాల ఊపినట్టు. కంకణం ఈదుతోందనే అనుకుంటోంది.

సాయంత్రం పడవకి అది వెళ్ళిపోవాలి. వాళ్ళాయన రాత్రికి ఇంటికొస్తాడు.

"ఓ ఘడియ ఊపడం ఆపేస్తే ఇక్కడే ఉండిపోద్దక్కా" అంది తాయారు, నా వైపు చూడకుండా.

నాకూ ఆ ఆలోచన వచ్చింది. నేనూ ఇక ఆ ఇంటికి వెళ్ళేదాన్ని కాదు. ఆపేస్తే ముగ్గురం ఒక చోట ఉంటాం. ఒక్క టక్కుమన్న చప్పుడు, అంతే.

తాయారు ఆపలేదు. పొద్దు వాలుతున్నా ఊపుతూనే ఉంది. భుజం నొప్పెట్టి మొహం వంకరపోతున్నా దాన్ని లేపనివ్వలేదు. చెయ్యి మార్చుకుందామని ఇప్పుడు నాకు సైగ చేస్తోంది. నా వంతు వచ్చింది, రాయడం ఆపుతున్నాను.